ఎర మేక: ‘లా షెవ్ర్’ చిత్రంలో దురదృష్టం, ఉద్యోగం

ఫ్రాన్సిస్ వెబేర్ రచించి దర్శకత్వం వహించిన ఫ్రెంచి హాస్యచిత్రం ‘లా షెవ్ర్’ (1981). ఆ మాటకు ‘మేక’ అని అర్థం. పులిని రప్పించడానికి కట్టే ఎర మేకను ఈ శీర్షిక స్ఫురింపజేస్తుంది. పొంతన లేని ఇద్దరు అన్వేషకుల జంటగా ఈ చిత్రాన్ని చూడటం పరిపాటి. అయితే మేకను కట్టినవాణ్ణి కూడా గమనిస్తేనే ఇందులోని హాస్యం బోధపడుతుందని నా అభిప్రాయం.

పారిశ్రామికవేత్త బెన్స్ కుమార్తె మరీ మహా దురదృష్టవంతురాలు. సెలవు గడపడానికి మెక్సికో వెళ్ళి అదృశ్యమవుతుంది. డిటెక్టివ్ కాంపానా (జెరార్ దెపార్ద్యూ) వెదికి విఫలుడవుతాడు. అప్పుడు సంస్థలోని మనస్తత్వ నిపుణుడు ఒక ఉపాయం చెబుతాడు: అంతటి దురదృష్టవంతుణ్ణే పంపితే, ఆమె పడిన గోతుల్లోనే పడుతూ ఆమెను చేరుకుంటాడు. దొరికినవాడు అదే సంస్థలోని అకౌంటెంటు ఫ్రాన్స్వా పెరాన్ (పియేర్ రిషార్). అన్ని కుర్చీలుండగా విరిగినదాన్నే ఎంచుకొని కూర్చోవడంతో అతని యోగ్యత రుజువవుతుంది.

భర్తృహరి నీతిశతకంలోని బట్టతలవాడు ఇక్కడ గుర్తుకు రాక మానడు. ఎండకు తాళలేక చెట్టునీడకు చేరినవాడి తలమీదే పండు పడిన ఆ వృత్తాంతం ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా మనకు సుపరిచితం. కాని అతడు తనంతట తాను చెట్టుకిందికి వెళ్ళాడు. పెరాన్‌ను పంపారు. అక్కడ దైవమొక్కటే కర్త; ఇక్కడ దైవానికి యజమాని తోడయ్యాడు. పైగా, ఈ అన్వేషణకు నాయకుడివి నువ్వేనని పెరాన్‌ను నమ్మించారు. అతడు దాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించి, అనుభవజ్ఞుడైన డిటెక్టివుకే ఆదేశాలిస్తాడు. నవ్వు పుట్టేది అతడు పడిపోవడంలో కన్నా ఈ దర్జాలోనే. జంధ్యాల ‘చంటబ్బాయ్’ (1986)లో డిటెక్టివ్, విదూషకుడు ఒక్కరే. పాండురంగారావు భ్రమ అతని సొంతం. పెరాన్ భ్రమ ఇతరులు కల్పించి ఇచ్చినది.

అందువల్ల కాంపానా పాత్ర జటిలమవుతుంది. అతనికి రహస్యం తెలుసు. దెపార్ద్యూ నటనలో ప్రధానమైనది అణచుకున్న కోపం: పెరాన్ మాట్లాడుతున్నంతసేపూ ఆ భారీ శరీరం ఓర్చుకుంటూ నిలబడుతుంది. ఆ ఓర్పులో మోసానికి భాగస్వామినన్న ఇబ్బంది కూడా ఉన్నట్లు నాకు తోస్తుంది. తర్కాన్నే నమ్ముకున్న ఈ మనిషి క్రమంగా తాను పరిహసించిన సిద్ధాంతం వైపు ఒరగడమే చిత్రంలోని నిజమైన కథాగమనం. (మెక్సికో మాత్రం తెరవెనుక బొమ్మగానే మిగిలింది.)

వెబేర్ తొలి దర్శకత్వ చిత్రం ‘లె జూయే’ (1976)లోనూ నటుడు రిషారే, పాత్ర పేరు పెరానే. అక్కడతడు పత్రికా విలేఖరి. యజమాని కొడుకు అతణ్ణి ఆటబొమ్మగా కోరి తెచ్చుకుంటాడు. ఆ చిత్రం యజమాని అధికారాన్ని పేరు పెట్టి పిలిచింది. ‘లా షెవ్ర్’ అదే అధికారాన్ని అదృష్టమనే ముసుగులో దాచింది. నిర్మాణ సౌష్ఠవంలో రెండవది మిన్న, సాహసంలో మొదటిది.

ముగింపులో పెరాన్, మరీ కలుసుకుంటారు. వారు నిలుచున్న రేవుబల్ల విడివడి ఇద్దరినీ నీటివాలున తీసుకుపోతుంది. దురదృష్టానికి వర్గభేదం లేదని వెబేర్ చెబుతున్నాడనీ, నా వాదానికి ఈ దృశ్యమే సమాధానమనీ ఎవరైనా అనవచ్చు. బల్లమీద ఇద్దరూ సమానులే. కాని ఆమె అక్కడికి సెలవు గడపడానికి వచ్చింది. అతడు ఉద్యోగం చేయడానికి వచ్చాడు.