తప్పు వెనక ఉన్న వ్యాకరణం: ఆంద్రేయ్ జలిజ్న్యాక్

రష్యాలోని పాత పట్టణాల్లో నోవ్‌గొరోద్ ఒకటి. అక్కడి తడినేల పొరల్లోంచి 1951 నుంచి భూర్జవృక్షపు బెరడు మీద రాసిన ఉత్తరాలు బయటపడుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం సిరాతో రాసినవి కావు, మొనదేలిన గంటంతో బెరడు మీద గీసినవి. అప్పులు, తగాదాలు, పెళ్లి మాటలు, ఇంటి పురమాయింపులు... రాజుల చరిత్రలకెక్కని బతుకంతా వాటిలో ఉంది. ఆ ఒక్క పట్టణంలోనే ఇప్పటికి వెయ్యికి పైగా దొరికాయి.

వాటిలో 247వ నంబరు ఉత్తరం 11వ శతాబ్దానిది. ఒక దొంగతనం ఆరోపణ గురించి రాసినది. అందులో తాళం పక్కన ‘కేలె’ అనే మాట ఉంది, తలుపుల పక్కనా అదే మాట ఉంది. మొదట చదివిన పండితులు దాన్ని సన్యాసి ఉండే గదికి పేరనుకుని, ‘గది తాళం, గది తలుపులు’ అని అర్థం చెప్పారు. అలా చెబితే వాక్యం ఎటూ పొసగలేదు. రాసినవాడికి చదువు సరిగా రాదనుకుని సరిపెట్టుకున్నారు.

1980ల్లో మాస్కో భాషావేత్త ఆంద్రేయ్ జలిజ్న్యాక్ ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రాసినవాడికి తన భాష బాగా వచ్చుననే నమ్మకంతో మొదలుపెట్టాడు. ‘కేలె’ అంటే ‘చెక్కుచెదరనిది’ అని తేల్చాడు. తాళం చెక్కుచెదరలేదు, తలుపులు చెక్కుచెదరలేదు, ఇంటి యజమాని దావా వేయడం లేదు, కాబట్టి నింద మోపినవాడి మీదే జరిమానా వేయండి. ఉత్తరం మొత్తం ఒక్కసారిగా విడిపోయింది.

ఇది ఊహ తగిలిన అదృష్టం కాదు. దాని వెనక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి విలువ తెలియాలంటే ఆ మనిషి పని తెలియాలి.

లెక్కకు నిలిచే వ్యాకరణం

జలిజ్న్యాక్ 1935 ఏప్రిల్ 29న మాస్కోలో పుట్టాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో చదువుతూ 1956లో ప్యారిస్ వెళ్లి, ఒక ఏడాది ఆంద్రె మార్తినె వంటి భాషాశాస్త్రవేత్తల దగ్గర చదువుకున్నాడు. 1960 నుంచి చివరిదాకా సైన్స్ అకాడమీలోని స్లావిక్ అధ్యయన సంస్థలో పనిచేశాడు. 1965లో తొలిస్థాయి పట్టా కోసం సమర్పించిన పరిశోధనకు పరీక్షకులు నేరుగా పై స్థాయి డాక్టరేటే ఇచ్చారు. అదే 1967లో ‘రష్యన్ నామపదాల రూపసిద్ధి’ అనే గ్రంథంగా వచ్చింది.

అది మాస్కోలో గణితవేత్తలూ భాషావేత్తలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్న కాలం. విభక్తి అంటే కచ్చితంగా ఏమిటో నిర్వచించమని మహా గణితవేత్త కొల్మొగొరోవ్‌తో కలిసి పనిచేసినవారు అడిగారు. రష్యన్‌లో విభక్తులు ఆరు అని బడిలో చెబుతారు. కానీ ‘అడవి గురించి’ అన్నప్పుడు ఆ పదం ఒక రూపంలో, ‘అడవిలో’ అన్నప్పుడు మరో రూపంలో ఉంటుంది. బడి వ్యాకరణం రెండింటినీ ఒకే విభక్తి కింద సర్దేస్తుంది. జలిజ్న్యాక్ అలా సర్దలేదు. ఏ కొలతతో రెండు రూపాలను ఒకటిగా లెక్కిస్తున్నామో ముందు చెప్పాలి, ఆ కొలతను భాష అంతటికీ ఒకేలా వర్తింపజేయాలి అన్నాడు.

ఆ పట్టుదలకు పండిన ఫలం 1977లో వచ్చిన ‘రష్యన్ భాషా వ్యాకరణ నిఘంటువు’. దాదాపు లక్ష పదాలు. అర్థాలుండవు. ప్రతి పదం పక్కన ఉండే గుర్తుల్లో ముఖ్యమైనవి ఒక అంకె, ఒక అక్షరం. అంకె ఆ పదం ప్రత్యయాలు చేర్చుకునే తీరును చెబుతుంది, అక్షరం ఊనిక ఎక్కడ పడుతుందో చెబుతుంది. ఆ గుర్తులు చూస్తే పదం రూపాలన్నీ తప్పులేకుండా తయారుచేయవచ్చు.

ఇందులో కష్టమేమిటో మన మాటల్లోనే చూద్దాం. ఏరు, ఏటిలో. నోరు, నోటిలో. గోరు, గోటితో. ఇంతవరకు ఒకే దారి. కానీ ఊరు, ఊరిలో. పేరు, పేరుతో. చివర అన్నిటికీ ‘రు’ ఉన్నా మూడు దారులు. తెలుగు పుట్టుకతో వచ్చినవాడు ఆలోచించకుండానే సరిగ్గా అంటాడు. నేర్చుకునేవాడికీ యంత్రానికీ మాత్రం ఏ పదం ఏ దారిన పోతుందో ఒక్కొక్కటిగా చెప్పాలి. రష్యన్‌లో ఊనిక కూడా పదం రూపాన్ని బట్టి జరుగుతుంటుంది కాబట్టి చిక్కు రెట్టింపు. ఒకే తీరు ముగింపున్న పదాలు పక్కపక్కన పడాలని జలిజ్న్యాక్ పదాలను చివరి అక్షరం నుంచి అకారాదిగా పేర్చాడు. ఆ అమరికలో మినహాయింపు దాగలేదు, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంత పనీ ఆయన చేత్తోనే చేశాడు. తర్వాత వచ్చిన రష్యన్ అక్షరదోష సవరణ, వెతుకులాట వ్యవస్థల్లో చాలావాటికి ఆ నిఘంటువే పునాది.

మనకు ఆత్మీయంగా తోచే విషయం ఒకటి: మాస్కోలో ఆయన సంస్కృతం బోధించాడు. 1978లో వెలువడిన కొచెర్గినా సంస్కృత-రష్యన్ నిఘంటువు చివర ఉన్న సంస్కృత వ్యాకరణ సంగ్రహం ఆయన రాసినదే. ధాతువు నుంచి రూపాన్ని నియమబద్ధంగా సాధించే మన వైయాకరణుల దారిని ఆయన లోపలినుంచి ఎరిగినవాడు.

నియమం దొరికేదాకా

ఇప్పుడు ‘కేలె’ దగ్గరికి వద్దాం. అప్పటికి తెలిసిన స్లావిక్ భాషలన్నిటిలో ఆ మాట ‘త్స’ లాంటి ధ్వనితో మొదలవుతుంది. ఇ, ఎ వంటి అచ్చుల ముందు పాత ‘క’ కాస్తా ‘త్స’గా మారిందని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. మనకు ఇలాంటి మార్పు కొత్తకాదు. కన్నడంలో కివి, తెలుగులో చెవి. కన్నడంలో కెడు, తెలుగులో చెడు. కన్నడం పాత ‘క’ను నిలుపుకుంది, తెలుగు ‘చ’ చేసుకుంది. పాత నోవ్‌గొరోద్ మాండలికం కూడా కన్నడంలాగే ‘క’ను నిలుపుకుందని జలిజ్న్యాక్ చూపించాడు. ఒక్క మాట ఆధారంగా కాదు. అప్పటిదాకా దొరికిన ఉత్తరాలన్నిటిలో అలాంటి ప్రతి చోటూ ఏరి, పక్కపక్కన పెట్టి చూశాడు.

రాతలోని ‘తప్పుల’ సంగతీ అంతే. కొన్ని జంట అక్షరాల్లో ఒకదాని బదులు ఇంకొకటి రాయడం ఆ ఉత్తరాల్లో కనిపిస్తుంది. చదువురానివాళ్ల రాత అని అంతకుముందు కొట్టిపారేశారు. అది మతగ్రంథాల పద్ధతికి భిన్నమైన, ఇళ్లలో వాడుకలో ఉన్న మరో రాత పద్ధతి అని, దానికీ నియమాలున్నాయని ఆయన తేల్చాడు. 1995లో వచ్చిన ‘పాత నోవ్‌గొరోద్ మాండలికం’ ఈ శ్రమ సారాంశం. నేటి రష్యన్ ఒకే మూలం నుంచి నేరుగా దిగివచ్చింది కాదు, వాయవ్యపు పలుకుబడీ మధ్య, తూర్పు ప్రాంతాల పలుకుబడీ కలిసిన భాష అని ఆయన వాదించాడు. ఏటా శరదృతువులో కొత్తగా దొరికిన ఉత్తరాల మీద ఆయన మాస్కో విశ్వవిద్యాలయంలో ఇచ్చే ఉపన్యాసానికి హాలు కిక్కిరిసిపోయేది.

అదే సాధనంతో ఇంకో పాత తగాదాను పట్టించుకున్నాడు. ‘ఇగోర్ దండయాత్ర గాథ’ 12వ శతాబ్దపు కావ్యమని ప్రసిద్ధి. 1800లో అచ్చయింది. దాని ఏకైక రాతప్రతి 1812 మాస్కో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అది 18వ శతాబ్దంలో ఎవరో కల్పించిన నకిలీ అని కొందరి వాదన. దేశభక్తితోనో ద్వేషంతోనో తేలే ప్రశ్న కాదిది. జలిజ్న్యాక్ 2004లో రాసిన పుస్తకంలో చాలా చిన్న మాటలను పట్టుకున్నాడు. ‘స్య’ అనే ఆత్మార్థక పదాంశం నేటి రష్యన్‌లో క్రియ చివర అతుక్కుని ఉంటుంది. పాతకాలపు వాడుకలో వాక్యంలోని మొదటి ఊనిక పదం తర్వాత వచ్చి కూర్చునేది. ఆ వరసకు సూక్ష్మమైన నియమాలున్నాయి. భూర్జపత్రాలు బయటపడ్డాకే అవి స్పష్టంగా తెలిశాయి. కావ్యం ఆ నియమాలను పాటిస్తోంది. నకిలీ రాసినవాడుంటే, తర్వాతి రెండు శతాబ్దాల భాషాశాస్త్రం కనిపెట్టబోయేదంతా ముందే ఒంటరిగా కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా చచ్చిపోయి ఉండాలి.

సత్యం మీద నమ్మకం

ధ్వనులు కాస్త కలిశాయని రెండు పదాలను చుట్టాలు చేసి, వాటి మీద కొత్త చరిత్రలు కట్టే రచనలు రష్యాలో వెల్లువెత్తినప్పుడు జలిజ్న్యాక్ మౌనంగా ఉండలేదు. బడిపిల్లల ముందు సైతం నిలబడి, ధ్వని మార్పు ఇష్టమొచ్చినట్టు జరగదని, ఒక మార్పు ఒప్పుకుంటే అలాంటి పదాలన్నిటిలో ఒప్పుకోవాలని ఓపికగా వివరించాడు. 2007లో సోల్జెనిత్సిన్ బహుమతి అందుకుంటూ, సత్యం అనేది ఉందని, దాన్ని వెతకడమే శాస్త్రం పని అని చెప్పాడు. 2017 డిసెంబర్ 24న కన్నుమూశాడు.

1963లో ఆయన రాసిన ‘భాషాశాస్త్ర సమస్యలు’ వ్యాసం, తెలియని భాష నుంచి కొన్ని వాక్యాలిచ్చి నియమం మీరే కనుక్కోండి అనే ప్రశ్నలకు దారి చూపింది. 1965లో మాస్కోలో మొదలైన విద్యార్థుల భాషాశాస్త్ర ఒలింపియాడ్, 2003లో అంతర్జాతీయమైంది. 2016లో అది మన పక్కనే మైసూరులో జరిగింది.

మన తెలుగులోనూ చదవవలసింది చాలా మిగిలి ఉంది. రేనాటి చోళుల కాలం నుంచి శాసనాలున్నాయి. ఊరూరా వృత్తిపదాలున్నాయి. వాటిని శ్రద్ధగా ఏరడానికి భద్రిరాజు కృష్ణమూర్తి 1962లోనే వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశంతో దారి వేశారు. అయినా మన బళ్లలో ఇప్పటికీ ఇంటి పలుకుబడి రాసిన పిల్లవాడికి ఎర్రసిరా గీతే దక్కుతోంది. ఉపాధ్యాయులారా, ఆ గీత పెట్టేముందు అలాంటి మాటలు పది ఏరి పక్కపక్కన రాసి చూడండి. నియమం కనబడితే దాన్ని ఆ పిల్లల చేతే చెప్పించండి. భాషాశాస్త్రం మొదలయ్యేది అక్కడే.