తుడవలేని రాత్రి కోసం

తుపాకీ ఉక్కుకు ఏ పూత మంచిదని అడిగేవాళ్లు కొత్త తుపాకీని మనసులో పెట్టుకునే అడుగుతారు. నలుపు ఎంత చిక్కగా వస్తుంది, మెరుపు ఎన్నాళ్లుంటుంది, గీతలు పడతాయా అని. నాకు ముందుగా తెలియాల్సింది వేరే. వానలో రోజంతా నడిచి, బురద కాళ్లతో గుడారానికి చేరి, అన్నం తినే ఓపిక కూడా లేని రాత్రి ఆ తుపాకీని ఎవరు తుడుస్తారు? తుడవకుండా పడుకుంటే తెల్లారేసరికి దానికి ఏమవుతుంది? పనిలో ఉండే రైఫిల్‌కు పూత ఎంచుకునేవాడు ముందు ఆ రాత్రి గురించి ఆలోచించాలని నా నమ్మకం.

నా ఉద్యోగమంతా లోహాల పైపొరతోనే గడిచింది. బాలానగర్ షెడ్లలో ఫాస్ఫేటింగ్ తొట్ల పక్కన నిలబడి, ఆవిరి పీలుస్తూ, తెల్లటి ఉక్కు ముక్కలు బూడిద రంగుకు తిరగడం చూస్తూ నేర్చుకున్న పని ఇది. తుపాకుల మీద ఆసక్తి కాలేజీ ఎన్‌సీసీ రోజుల్లో కలిగింది. వేట మీద నాకు మోజు లేదు. కానీ నీరు, చెమట, ఉప్పు, నిప్పు, రాపిడి అన్నీ కలిసి ఒక ఉక్కు వస్తువు మీద పడడం చూడాలంటే రైఫిల్‌ను మించింది లేదు. అందుకే ఈ వారం దాని గురించి.

అందరూ ఎరిగిన నీలి నలుపు రంగును బ్లూయింగ్ అంటారు. చూడ్డానికి రంగు వేసినట్టుంటుంది గాని పైనుంచి వేసిందేమీ ఉండదు. ఉక్కు పైపొరే నల్లటి ఆక్సైడుగా, అంటే మాగ్నెటైట్‌గా మారుతుంది. ఎర్ర తుప్పు పొలుసులుగా రాలిపోతూ కింద ఉన్న ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. నల్ల ఆక్సైడు అలా రాలదు, లోహాన్ని కరుచుకుని ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇది కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన తొట్టిలో జరుగుతుంది. ఉప్పులు అంత చిక్కగా ఉండబట్టి ఆ ద్రావణం 100 డిగ్రీల దగ్గర మరగదు, 140 డిగ్రీల దాకా వెళ్తుంది. ఉక్కు నల్లబడేది ఆ వేడిలోనే.

హైదరాబాద్ ఇళ్లలో బిద్రీ పాత్రలు చూసినవాళ్లకు ఈ విద్య పూర్తిగా కొత్త కాదు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిసిన ఆ లోహాన్ని బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన ముద్దతో నల్లబరుస్తారు. వెండి పని తెల్లగా నిలిచిపోతుంది, చుట్టూ ఉన్న లోహం కారునలుపు తిరుగుతుంది. చివర నూనె రాసి తుడుస్తారు. బ్లూయింగ్ చేసిన తుపాకీకీ ఆఖరి పని నూనె రాయడమే. అలంకారానికే ఉంచే పాత్రకు ఆ నూనె నిగారింపు తెస్తుంది. తుపాకీని తుప్పు నుంచి కాపాడేది మాత్రం ఆ నూనే. ఆక్సైడు పొర మైక్రాన్ మందం ఉంటే గొప్ప. దానిలోని సన్నటి రంధ్రాల్లో నూనె నిలిచినంతసేపే దానికి బలం. వేళ్ల చెమట నూనెను తీసేసిందంటే రెండు రోజుల్లో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి.

దీనికంటే పాత పద్ధతి ఒకటుంది, రస్ట్ బ్లూయింగ్. నాకు చాలా ఇష్టమైనది. శుభ్రంగా పాలిష్ చేసిన బ్యారెల్‌కు ఆమ్ల ద్రావణం పలచగా పూసి, తేమ నింపిన పెట్టెలో వేలాడదీస్తారు. సన్నటి ఎర్ర తుప్పు ఒంటి నిండా సమంగా పడుతుంది. అప్పుడు దాన్ని మరిగే నీళ్లలో ఉడికిస్తారు. ఎరుపు నలుపవుతుంది. మెత్తటి తీగ బ్రష్షుతో వదులు పొడిని దులిపేసి, మళ్లీ ద్రావణం పూసి, మళ్లీ పెట్టెలో పెడతారు. ఇలా ఎన్నోసార్లు చేస్తే మఖమల్ లాంటి నలుపు వస్తుంది. రెండు బ్యారెళ్లను సీసం, తగరం కలిపిన టంకంతో అతికిన పాత షాట్‌గన్‌లకు ఇప్పటికీ ఇదే చేస్తారు, ఎందుకంటే వేడి కాస్టిక్ తొట్టి ఆ టంకాన్ని తినేస్తుంది. తుప్పుతోనే పని చేయించుకుని తుప్పును ఆపే ఈ ఓర్పు చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయినా అడవిలో, పడవలో, మంచులో తిరిగే తుపాకీకి దీన్ని నేను సిఫారసు చేయను. అది రోజూ తుడిచే ఓపిక ఉన్న యజమాని చేతిలోనే బతుకుతుంది.

సైన్యాలకు అలాంటి యజమాని దొరకడు. వాళ్లకు ఫాస్ఫేటు దొరికింది. ఇంగ్లాండులో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో వేడి ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఉక్కుకు తుప్పు పట్టకుండా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు అమెరికాకు చేరి, 1915లో డెట్రాయిట్‌లో పార్కర్ పేరుతో కంపెనీ వెలిసింది. పార్కరైజింగ్ అన్న మాట అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల గారండ్ రైఫిళ్ల బూడిద రంగు ఈ తొట్టిలోంచి వచ్చిందే.

ఈ తొట్టి దగ్గరే నా యవ్వనం గడిచింది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. దాదాపు 90 డిగ్రీల వేడిలో, పలచని ఫాస్ఫారిక్ ఆమ్లంలో జింకు గాని మాంగనీసు గాని కరిగి ఉంటుంది. ఉక్కును ముంచగానే ఆమ్లం ఇనుమును కొరుకుతుంది, బుడగలు లేస్తాయి. కొరికిన చోటల్లా ఆమ్లత్వం తగ్గుతుంది. అంతవరకూ కరిగి ఉన్న ఫాస్ఫేటు ఇక కరిగి ఉండలేక అక్కడికక్కడే స్ఫటికాలై ఉక్కుకు అతుక్కుంటుంది. ఎక్కడ ఇనుము బయటపడి ఉందో అక్కడే పొర పెరుగుతుంది. మొత్తం కప్పేశాక బుడగలు ఆగిపోతాయి. తొట్టి దగ్గర పని చేసేవాళ్లు గడియారం కంటే ఆ బుడగలనే ఎక్కువ నమ్ముతారు. బయటికి తీసిన ముక్క మీద వేలు పెడితే గరుకుగా తగులుతుంది. ఆ స్ఫటికాల సందుల్లోకి నూనె దిగుతుంది. పైన తుడిచినా లోపల మిగులుతుంది. తడిగుడ్డ తగిలినా, చెమట చెయ్యి తగిలినా వెంటనే ఖాళీ కాదు. యజమాని మరిచిపోయిన ఒకటి రెండు రాత్రులు అది తన దగ్గరున్న నూనెతో నెట్టుకొస్తుంది. పైగా మెరవదు. ఎండలో దూరానికి తళుక్కుమనే గుణం రైఫిల్‌కు మంచిది కాదు.

యుద్ధం తరవాత బ్రిటిష్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఫాస్ఫేటు మీద నల్ల పెయింటు వేసి ఓవెన్‌లో కాల్చారు. నా లెక్కలో ఇది చాలా తెలివైన పని. గరుకు పొర పెయింటును గట్టిగా పట్టుకుంటుంది. పెయింటు లేచిపోయిన చోట ఫాస్ఫేటు ఉంటుంది, అక్కడ నూనె రాస్తే చాలు. మన దగ్గర ఈశాపూర్ ఫ్యాక్టరీలో చేసిన రైఫిళ్ల మీద కనిపించే మొద్దు నల్లరంగు అందానికి వేసింది కాదు. ఎన్‌సీసీలో మేం దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లం. వానాకాలం మొత్తం గదిలో పడి ఉండి కూడా ఆ రైఫిళ్లు ఎందుకు పాడవలేదో తొట్టి దగ్గరికి వచ్చాకే నాకు అర్థమైంది.

ఎన్‌సీసీలో మా ఉస్తాద్ నేర్పిన ఇంకో సంగతి ఉంది. ఫైరింగ్ క్యాంపులో త్రీ నాట్ త్రీ రైఫిల్ కాల్చి రాగానే మేం పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ తీసి నూనె సీసా వెతుక్కునేవాళ్లం. ఆయన ఆపేవాడు. "ముందు వేడినీళ్లు పొయ్యండ్రా, నూనె తరవాత" అనేవాడు. ఆ తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేటు ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడుగా మిగులుతుంది. అంటే ఉప్పుకు సొంత తమ్ముడు. గాలిలోని తేమను లాగి బ్యారెల్ లోపలే ఉప్పునీరు తయారు చేస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలో కరుగుతుంది. బయట ఎంత ఖరీదైన పూత ఉన్నా, లోపల ఉప్పు మీద నూనె రాసి మూసేస్తే బ్యారెల్ దక్కదు.

బయటి రంగు గురించి గంటలు మాట్లాడేవాళ్లు లోపలి సంగతి మరిచిపోతారు. వియత్నాంలో అమెరికా సైన్యం ఆ మరుపుకు ప్రాణాలతో మూల్యం చెల్లించింది. ఎం-16 రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబరుకు మొదట క్రోమియం పూత వేయలేదు. దాన్ని పెద్దగా శుభ్రం చేయనక్కర్లేదన్న మాట ప్రచారంలోకి వచ్చింది. శుభ్రం చేసే సామగ్రి కూడా చాలామందికి అందలేదు. తూటాలో మందు మార్చడంతో మసి పెరిగింది. అడవి తేమకు చాంబర్లు తుప్పు పట్టాయి, కాల్చిన ఖాళీ తూటా బయటికి రాక ఇరుక్కుపోయింది. ఇరుక్కున్న రైఫిల్ పక్కన సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ తరవాత చాంబరుకు క్రోమియం వచ్చింది, తూటా దారి పొడవునా క్రోమియం వేయడం ఇంకా తరవాత. రైఫిల్‌ను తుడవక్కర్లేదని సైనికుడికి చెప్పడం నా దృష్టిలో నేరం. తుడవలేని రోజు వస్తుందని తెలిసి కూడా అందుకు తగిన పూత వేయకపోవడం అంతకంటే పెద్ద నేరం.

ఈ ఆలోచన బాగా నడిచిన చోటు కెనడా ఉత్తరాన ఉంది. అక్కడ కెనడియన్ రేంజర్లని ఒక దళం 1947 నుంచి పని చేస్తోంది. వాళ్లలో చాలామంది ఇన్యుయిట్, ఇతర ఆదివాసీ తెగలవాళ్లు. మంచు నేల మీద గస్తీ తిరుగుతారు, దక్షిణం నుంచి వచ్చిన సైనికులకు దారి చూపుతారు, ధ్రువపు ఎలుగుబంటి వస్తే అడ్డుపడతారు. దశాబ్దాల పాటు వాళ్ల చేతిలో ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, మన ఎన్‌సీసీ రైఫిల్‌కు దగ్గరి చుట్టం. ఈ మధ్యే దాని స్థానంలో సీ-19 వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన సాకో కంపెనీ టిక్కా రైఫిల్‌ను ఆధారం చేసుకుని కెనడాలోనే తయారు చేశారు. స్టెయిన్‌లెస్ బ్యారెల్, చెక్క పొరలు అతికిన ఎర్రటి బట్టు (బ్యారెల్ కింద దాకా సాగే చెక్క భాగం), లావు గ్లవ్‌తో పట్టుకునేలా పెద్ద బోల్టు పిడి. పాతదాన్ని మార్చింది అది పని చేయక కాదు, విడిభాగాలు దొరకడం కష్టమై.

చలి ప్రాంతంలో తుప్పుకు కారణం చలి కాదు, ఇంట్లోని వెచ్చదనం. మే నెలలో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారినట్టే, మైనస్ 40లోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన రైఫిల్ మీద లోపలా బయటా నీరు పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే ఆ నీరు గడ్డకట్టి బోల్టు కదలదు. అందుకే అక్కడి వేటగాళ్లు రైఫిల్‌ను బయటే, చలిలోనే వదిలేస్తారు. తప్పనిసరై లోపలికి తేవాల్సి వస్తే సంచిలో గట్టిగా మూసి, లోపలి వేడికి వచ్చాకే తీస్తారు. నూనె కూడా అక్కడ శత్రువే. ఆ చలికి చిక్కబడి బోల్టును పట్టేస్తుంది. నూనె మీద ఆధారపడిన బ్లూయింగ్, ఫాస్ఫేటు రెండూ అక్కడ సగం బలం పోగొట్టుకుంటాయి. నూనె లేకుండా నిలబడగల ఉక్కు కావాలి. స్టెయిన్‌లెస్ ఎంచుకోవడం అందుకే సరైనది.

స్టెయిన్‌లెస్ అనగానే వంటింటి గిన్నె గుర్తుకొస్తుంది. రెండూ ఒకటి కాదు. మేలురకం గిన్నెల్లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ ఉక్కును వేడి చేసి చల్లార్చి గట్టిపరచడం కుదరదు, కాబట్టి బ్యారెల్‌కు పనికిరాదు. బ్యారెళ్లకు సాధారణంగా వాడేది 416 రకం. దానిలో క్రోమియం 12 నుంచి 14 శాతమే, కోత సులువుగా తెగాలని గంధకం కూడా కలుపుతారు. క్రోమియం ఆక్సైడు పొర గీత పడినా గాలి తగిలితే తనంతట తాను పూడుకుంటుంది. కానీ ఉప్పు గాలి ఉన్నచోట ఆ పొరకు చిల్లులు పడతాయి. విశాఖ రేవులో గాని, అలాస్కా తీరంలో గాని 416 బ్యారెల్‌ను ఉప్పు చుక్కలతో వదిలేస్తే లోతైన గుంటలు పడతాయి.

కొత్త పద్ధతులు రెండు చెప్పాలి. సెరకోట్ అనేది సిరామిక్ రేణువులున్న పాలిమర్ పూత. సుమారు 25 మైక్రాన్ల మందం, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు కాలుస్తారు. ఉప్పును బాగా తట్టుకుంటుంది. దాని బలమంతా కింద చేసిన తయారీలో ఉంది. జిడ్డు పూర్తిగా పోకుండా, ఇసుక దెబ్బతో గరుకు చేయకుండా వేస్తే పెచ్చులుగా లేస్తుంది, లేచిన అంచు కింద తుప్పు ఎవరికీ కనపడకుండా పాకుతుంది. రెండోది నైట్రైడింగ్. 500 డిగ్రీలు దాటిన వేడిలో నత్రజనిని ఉక్కు పైపొరలోకే ఇంకిస్తారు. లేచిపోవడానికి అక్కడ పూతే లేదు. రాపిడికి, తుప్పుకు రెండింటికీ నిలుస్తుంది. బ్యారెల్ లోపలికీ చేరుతుంది. కొత్త రైఫిల్ కొనేవాడు నన్నడిగితే నైట్రైడింగ్ చేసిందే తీసుకోమంటాను, లేదా చలి ప్రాంతమైతే స్టెయిన్‌లెస్. చేతిలో పాత కార్బన్ ఉక్కు రైఫిల్ ఉంటే మాంగనీసు ఫాస్ఫేటు చేయించి, పైన కాల్చిన పెయింటు వేయించమంటాను. అమ్మేవాళ్లు చూపే ఉప్పు జల్లు పరీక్షల గంటలను చూసి మోసపోవద్దు. 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీరు చల్లే ఆ పరీక్షలో భుజం రాపిడి లేదు, చెమట లేదు, జీపు అంచుకు తగిలిన దెబ్బ లేదు.

ఏ పూతైనా వేయించండి, ఒక పని మాత్రం మరవద్దు. బట్టు విప్పి, బ్యారెల్ అడుగు భాగం చూడండి. చెక్క తేమ పీల్చి పట్టి ఉంచుతుంది. పైన అద్దంలా ఉన్న రైఫిళ్లకు చెక్క కింద, కంటికి కనపడని ఆ గాడిలో, గుంటలు పడి ఉండడం చాలాసార్లు చూశాను. అక్కడ నూనె నిలవదు, చెక్కే పీల్చేస్తుంది. మైనం పాలిష్ పలచగా రుద్ది, ఆరాక మళ్లీ ఒకసారి రుద్ది బిగించండి. వానాకాలానికి ముందొకసారి, అయ్యాక ఒకసారి.