మూడు ఉత్తరాలు, ఇరవై ప్రభుత్వాలు

ప్రభుత్వం మీద నమ్మకం ఉందా అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. పింఛను చేతికందిన రోజున ఒకలా, ఆఫీసు మెట్లెక్కి ఉత్త చేతులతో దిగిన రోజున మరోలా. అమెరికా ఎన్నికల సర్వేల్లో 1958 నుంచి అడుగుతున్న ప్రశ్నకూ ఈ చిక్కు తప్పలేదు. వాషింగ్టన్ ప్రభుత్వం సరైన పనే చేస్తుందని ఎంతవరకు నమ్మొచ్చన్నది ఆ ప్రశ్న. నమ్మేవాళ్లు తగ్గిపోతుంటే, ఇది వ్యవస్థ మీదే విరక్తి అన్నాడు రాజనీతి శాస్త్రజ్ఞుడు ఆర్థర్ మిల్లర్. కాదు, గద్దె మీదున్నవాళ్ల మీద చిరాకు కావచ్చు అన్నాడు మరో రాజనీతి శాస్త్రజ్ఞుడు జాక్ సిట్రిన్. 1974లో ఇద్దరూ వాదించుకున్నది ఒకే అంకెల మీద.

పౌరుల రాజకీయ విశ్వాసం మీద పీహెచ్‌డీకి కూర్చునేవాళ్లు ఈ తగువు చదివాక తప్పకుండా తెరవాల్సిన పుస్తకం రాబర్ట్ పట్నం రాసిన ‘మేకింగ్ డెమొక్రసీ వర్క్’. 1993లో వచ్చింది. రాబర్ట్ లియోనార్డి, రఫాయెల్లా నానెట్టి తోడుగా ఆయన ఇటలీలో దాదాపు ఇరవయ్యేళ్లు చేసిన పని అది. ప్రాంతీయ ప్రభుత్వాలు ఉండాలని ఇటలీ రాజ్యాంగం 1948లోనే చెప్పినా, ఇరవై ప్రాంతాల్లో పదిహేనింట అవి 1970లో గానీ రాలేదు. ఉత్తరానా దక్షిణానా ఒకే నమూనా చట్రం, ఇంచుమించు ఒకే అధికారాలు. ఏ ప్రభుత్వం ఎలా ఎదుగుతుందో మొదటి నుంచీ పక్కనుండి చూసే అవకాశం రాజనీతి శాస్త్రజ్ఞులకు అరుదుగా దొరుకుతుంది.

పుస్తకంలో నన్ను కట్టిపడేసిన ఘట్టం 1983 జనవరి నాటిది. పరిశోధకులు ఇటలీలోని ఒక్కో ప్రాంతీయ ప్రభుత్వానికీ మామూలు పౌరుల్లా మూడు ఉత్తరాలు రాశారు. సెలవులకు విదేశం వెళ్లినప్పుడు జబ్బు చేస్తే ఆ ఖర్చు తిరిగి ఎలా రాబట్టుకోవాలని ఆరోగ్య శాఖకు. అప్పుడే బడి ముగించిన తమ్ముడికి ఎక్కడెక్కడ వృత్తి శిక్షణ దొరుకుతుందని వృత్తి విద్యా శాఖకు. ప్రయోగాత్మక పంటలు వేయాలనుకుంటున్న స్నేహితుడికి అప్పులూ సబ్సిడీలూ ఏమున్నాయని వ్యవసాయ శాఖకు.

ఎంపికలోని నేర్పు చూడండి. మూడింటిలోనూ అడిగింది సమాచారమే. సిఫారసు కాదు, రాయితీ కాదు. ఏ గుమాస్తా అయినా బల్ల మీదున్న కాగితాలు చూసి చెప్పగలిగినవే. జవాబు రాకపోతే కారణం ప్రశ్న కష్టమని కాదన్నమాట. వచ్చిన జవాబునూ ఊరికే లెక్కలో వేసుకోలేదు. ఎన్నాళ్లకు వచ్చింది, అర్థమయ్యేలా ఉందా, అడిగిందంతా చెప్పారా అని తూచారు. రాకపోతే ఫోన్ చేశారు, అదీ కుదరకపోతే స్వయంగా వెళ్లారు.

ఎమీలియా-రొమాన్యా, వాల్ దావొస్తాల్లో మూడింటిలో రెండు ఉత్తరాలకు వారం తిరగకుండానే పూర్తి జవాబు వచ్చింది. మూడోదానికి ఒక్క ఫోన్ చాలింది. కలాబ్రియా, కంపానియా, సార్డీనియాల్లో ఒక్క ఉత్తరానికీ జవాబు లేదు. వారాల తరబడి ఫోన్లు చేసి, చివరికి మనిషి వెళ్లి నిలబడితే గానీ పని కాలేదు. చెప్పులరిగేలా తిరగడం తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు గానీ, ఆ అరుగుదలను కొలిచి చూపడం మాత్రం కొత్తే.

ఉత్తరాలు రాసింది పరిశోధకులన్న సంగతి గుమాస్తాలకు తెలియదు. నేటి ఎథిక్స్ కమిటీకి దీనిమీద బోలెడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. అయితే చెబితే కొలత చెడుతుంది. నా ఓటు ఉత్తరానికే.

పన్నెండు కొలమానాల్లో ఇదొకటి మాత్రమే. బడ్జెట్లు వేళకు అయ్యాయా, మంత్రివర్గాలు నిలిచాయా, పసిపిల్లల కేంద్రాలు ఎన్ని తెరిచారు వగైరా మిగతావి. ఆ లెక్కలను జనం చెప్పిన సంతృప్తితో పోల్చి చూస్తే రెండూ చాలావరకు కలిశాయి. అంటే సర్వేలో వినిపించే మాట ఉత్త చిరాకే కాదు, దాని వెనక అనుభవం ఉంది. మిల్లర్, సిట్రిన్‌ల తగువులో లేనిది సరిగ్గా ప్రభుత్వాల పనిని విడిగా కొలిచిన ఈ రెండో లెక్కే.

ప్రాంతాల మధ్య ఈ తేడాలకు కారణం పౌరస్పృహే అంటూ, దాని మూలాలు వెతుకుతూ పట్నం మధ్యయుగాల దాకా, దక్షిణాన నార్మన్ రాజుల దాకా వెళ్లిపోయాడు. అక్కడ నాకు ఆయన మీద గురి తగ్గుతుంది. దక్షిణాది పట్ల ఆధునిక రాజ్యం చేసిందాన్ని ఆయన తక్కువగా చూశాడని రాజనీతి శాస్త్రజ్ఞుడు సిడ్నీ టారో 1996లో విమర్శించాడు, సబబుగానే.

పౌరస్పృహను కొలిచిన తీరు మాత్రం మళ్లీ మెచ్చుకోదగ్గది. క్రీడా సంఘాలూ గాయక బృందాలూ లెక్కించారు, పత్రికలు చదివే ఇళ్లు లెక్కించారు. ఓట్లలోనూ రెండు రకాలు తీశారు. రెఫరెండంలో అభ్యర్థి ఉండడు కాబట్టి ఓటేసినందుకు తిరిగి మేలు చేసేవాడూ ఉండడు. అక్కడి పోలింగ్ శాతాన్ని పౌరస్పృహ ఖాతాలో వేశారు. అప్పట్లో సాధారణ ఎన్నికల్లో పార్టీకి ఓటేస్తే సరిపోయేది. ఇష్టమైతే అభ్యర్థి పేరు కూడా రాసే వీలుండేది. పేర్లు ఎక్కువగా రాసిన చోట నాయకుడికీ ఓటరుకూ మధ్య సొంత లావాదేవీ ఉందని పట్టుకుని, ఆ ఓట్లను ఎదుటి ఖాతాలో వేశారు.