‘స్త్రీల స్థితి’ – పది మార్కుల ప్రశ్న

తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. వచ్చిన నాలుగేళ్ళకి దూరవిద్యలో ఎం.ఏ. చరిత్రకి ఫీజు కట్టాను. “డాక్టరేట్ అయ్యాక మళ్ళీ ఎం.ఏ. ఏమిటి?” అని ఇంట్లోనూ అడిగారు, కాలేజీలోనూ అడిగారు. నా కారణం నాకుంది. తొలితరం రచయిత్రుల మీద పరిశోధన చేశాను. వాళ్ళ కాలాన్ని గురించి రాయాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో రాసిపెట్టిన నాలుగు వాక్యాలనే అటూ ఇటూ తిప్పి రాశాను. ఈసారి దేశచరిత్రని మొదటినుంచీ నేనే చదువుకోవాలనుకున్నాను. ఉద్యోగం, రెండో తరగతి చదివే పాప ఉండగా రెగ్యులర్ కోర్సు కుదరదు. పుస్తకాలు అట్టపెట్టెలో ఇంటికే వచ్చాయి. రాత్రి తొమ్మిది దాటాక, వంటిల్లు సర్దేసి, అన్నాల బల్ల మీదే మౌర్యుల్ని మొదలుపెట్టాను.

దూరవిద్యని తక్కువ చేసి మాట్లాడ్డం నా ఉద్దేశం కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. 1985లో జాతీయస్థాయిలో ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చింది. పెళ్ళితో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళెందరికో ఈ పద్ధతి తలుపు తెరిచింది. నేను చేరిన సంస్థ ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన మనకి ఏ చరిత్ర చేతికిస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఆ పాఠాల్ని చరిత్ర విద్యార్థిలా చదవలేకపోయాను. వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఎవరిది అని చూడటం సాహిత్యం నేర్పిన అలవాటు. మా పుస్తకాల్లో ప్రతి రాజవంశమూ ఒకే వరసలో నడుస్తుంది: రాజకీయ చరిత్ర, పరిపాలన, భూమిశిస్తు, వర్తకం, సమాజం, మతం, కళలు. ‘సమాజం’ కింద, కులాల తర్వాత, పండుగలకి ముందు, ‘స్త్రీల స్థితి’ అని ఒక పేరా. రాజులు జయిస్తారు, ఓడిపోతారు, చెరువులు తవ్విస్తారు. వర్తకులు సముద్రాలు దాటుతారు. రైతులు అప్పుడప్పుడూ తిరగబడతారు. స్త్రీలు మాత్రం ఏమీ చెయ్యరు. వాళ్ళకి ‘స్థితి’ ఉంటుందంతే! అది ఒక యుగంలో ఉన్నతంగా ఉంటుంది, ఇంకో యుగంలో దిగజారుతుంది. నాట్లు వేసిందెవరు, నూలు వడికిందెవరు, చెరువుగట్టుకి మట్టి మోసిందెవరు? ఆ సంగతి ‘ఆర్థిక వ్యవస్థ’ పేరాలో కనిపించదు.

ఈ ‘స్థితి’కి ఒక చరిత్ర ఉంది. హిందూ నాగరికతలో స్త్రీల స్థానం గురించి ఎ.ఎస్. అల్తేకర్ 1938లో ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. వేదకాలంలో ఉన్నతి, తర్వాత పతనం, ఆధునిక కాలంలో మళ్ళీ మేలుకొలుపు – గార్గి, మైత్రేయిల పేర్లతో మొదలయ్యే ఈ కథ మనందరికీ బడినుంచీ కంఠతా వచ్చు. ఈ చట్రాన్ని ఉమా చక్రవర్తి గట్టిగా ప్రశ్నించారు. కుంకుం సంగారి, సుదేశ్ వైద్ సంపాదకత్వంలో 1989లో వచ్చిన ‘రీకాస్టింగ్ విమెన్’లోని తన వ్యాసంలో, ఆ వేదకాలపు దాసి ఏమైపోయిందని అడిగారు. స్వర్ణయుగం ఏ ఇంటి స్త్రీలది అన్న ప్రశ్న అది. మా పుస్తకంలో గార్గి ఉంది. దాసి లేదు.

ఇంతా విమర్శించాక ఒకరోజు నా సిద్ధాంతగ్రంథం తీసి చూసుకున్నాను. రెండో అధ్యాయం శీర్షిక: ‘సంస్కరణోద్యమ కాలంలో స్త్రీల స్థితిగతులు’. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన మొదటి వితంతు వివాహం గురించి అందులో రెండు పేజీలు రాశాను. ఆ పెళ్ళికూతురి పక్షాన ఒక్క వాక్యం కూడా రాయలేదు. స్త్రీవాద విమర్శకురాలినని చెప్పుకునే నా వాక్యంలో కూడా కర్త ఆమె కాదు.

అప్పుడే మళ్ళీ భండారు అచ్చమాంబ (1874–1905) దగ్గరికి వెళ్ళాను. పరిశోధనలో ఆమెని ‘తొలి కథకురాలు’గానే చూశాను. ఈసారి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన చరిత్రకారిణిగా చదివాను. ఆమె ఏ బడికీ వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన ద్వారా తెలుగు, హిందీ నేర్చుకుంది. భర్త ఉద్యోగరీత్యా తెలుగుదేశానికి దూరంగా మధ్యపరగణాల్లో ఉంటూ ఇంకొన్ని భాషలు పట్టుబడేలా చేసుకుంది. పుట్టిన పిల్లలు పోయిన దుఃఖంలోనే దేశమంతటి స్త్రీల చరిత్రలు పోగుచేసింది. మనలో దూరవిద్య చదివిన మొదటి చరిత్ర విద్యార్థిని ఆమే అనిపిస్తుంది నాకు. స్టడీ సెంటరు లేదు, పట్టా లేదు. స్త్రీలు బుద్ధిహీనులనే మాటకి జవాబు చెప్పాలన్న పట్టుదల ఒక్కటే ఉంది.

ఆమెకీ పరిమితులున్నాయి. ‘సచ్చరిత్ర’ అనడంలోనే ఎంపిక ఉంది. రాణులు, పతివ్రతలు, విదుషీమణులు – కొలమానం పాతదే. కానీ ఆమె పుస్తకంలో స్త్రీలు యుద్ధం చేస్తారు, పాలిస్తారు, రాస్తారు. వాక్యానికి వాళ్ళే కర్తలు. నూరేళ్ళ తర్వాత వచ్చిన మా పాఠం ఈ ఒక్క విషయంలో ఆమెకంటే వెనకబడి ఉంది.

ఆదివారం కాంటాక్ట్ క్లాసులో సగంమంది ఆడవాళ్ళమే. ప్రమోషను కోసం వచ్చిన టీచర్లు, గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పుస్తకం పట్టిన గృహిణులు. తెలంగాణ సాయుధ పోరాటం పాఠం రోజున నా పక్కన కూర్చునే సూర్యాపేట టీచరు లేచి అడిగింది: “మా అమ్మమ్మ దళాలకు సద్ది మోసిందట సార్. పోలీసులు పట్టుకపోయి కొట్టినా ఎవ్వరి పేరూ చెప్పలేదట. అది ఏ యూనిట్ల వస్తది?” ఆయన మంచివాడే. కాసేపాగి, “పరీక్షకి పనికొచ్చేది అడగండమ్మా” అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు 1986లోనే అచ్చయింది. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివాళ్ళు తమ పోరాటాన్ని తామే చెప్పుకున్నారు. 1951లో పోరాటం విరమించాక ఆడవాళ్ళని మళ్ళీ ఇళ్ళలోకి పంపెయ్యడం గురించిన బాధా అందులో ఉంది. మా యూనిట్‌లో కారణాలు, గమనం, ఫలితాలు ఉన్నాయి. ఆ బాధ ఫలితాల్లో లేదు. అసైన్‌మెంట్‌లో నేను ఆ కథనాల ఆధారంగా రెండు పేజీలు రాస్తే, పక్కన ఎర్రసిరాతో ‘అనవసర విషయం’ అని రాసి పంపారు. తరగతి గదిలోనైతే ఎందుకు అనవసరమో వాదించేదాన్ని. కవరు మీద వచ్చిన మాటతో ఎవరు వాదిస్తారు? మా యూనిట్ల చివర జవాబు రాసుకోవడానికి ఖాళీ గీతలుంటాయి. ఆ జవాబు ఏమిటో వెనకపేజీలో ముందే అచ్చయి ఉంటుంది. విద్యార్థికీ విద్యాలయానికీ మధ్య కిలోమీటర్లకంటే పెద్ద దూరం ఇదేననుకుంటాను.

వార్షిక పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. కారణాలు, గమనం, ఫలితాలు రాశాను. ఐలమ్మ పేరు రాయలేదు. చివరికి ‘స్త్రీల స్థితి’ కూడా వచ్చింది, పది మార్కులకి. ఉన్నతి, పతనం, మేలుకొలుపు వరసగా రాసేశాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. సద్ది మోసిన ఆ అమ్మమ్మ పోలీసుల ముందు చెప్పని పేర్లు ఒకవైపు, పరీక్షహాల్లో ఎవరూ కొట్టకుండానే నేను దాచేసిన పేరు ఒకవైపు. ఈ రెండు మౌనాలూ ఒకటి కావు.

నా సిద్ధాంతగ్రంథం పుస్తకంగా రావాల్సి ఉంది. రెండో అధ్యాయాన్ని మొదటి వాక్యం నుంచీ మళ్ళీ రాస్తున్నాను. ఈలోగా సూర్యాపేట వెళ్ళాలి. టీచరు వాళ్ళ అమ్మమ్మ పోయి పదేళ్ళయింది, అమ్మ ఉంది. “ఏమడుగుతరు మేడమ్ మా అమ్మను?” అంది ఫోన్లో. స్థితి గురించి అడగనని చెప్పాను. ఏం చేశారో చెప్పమంటాను.