అగత్తిలో అద్భుత రసం

కొచ్చి నుంచి లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి దాదాపు 460 కిలోమీటర్లు, గంటన్నర విమాన ప్రయాణం. అందులో చాలాసేపు కిటికీలో అరేబియా సముద్రపు చిక్కటి నీలం తప్ప మరో రంగు ఉండదు. రాగం ఎత్తుకునే ముందు సాగే శ్రుతిలా ఆ నీలం కంటిని సిద్ధం చేస్తుంది.

ఏటీఆర్ విమానానికి రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కనుక కింది దృశ్యానికి అడ్డు లేదు. ఎత్తు తగ్గుతుండగా సముద్రం మీద తెల్లటి గీత ఒకటి తేలుతుంది. పగడపు దిబ్బ అంచున అలలు విరిగి పుట్టిన నురగ అది. గీతకు అవతల కారునీలం, ఇవతల లగూన్‌లో పచ్చ కలిసిన లేతనీలం. ఎండలోని ఎరుపును నీరు తాగేస్తుంది. లోతు తక్కువైన చోట అడుగునున్న తెల్లటి పగడపు ఇసుక మిగతా వెలుగును తిప్పి పైకి పంపుతుంది. ఇది తెలిసి చూస్తే ప్రతి ఛాయా ఒక లోతు చెబుతుంది. లేత పచ్చగా ఉంటే కింద ఇసుక మేట, మధ్యలో ముదురు మచ్చ కనిపిస్తే పగడాల గుట్ట.

దీవి దక్షిణపు కొసన రన్‌వే. 1988లో ఇక్కడ విమానాలు దిగడం మొదలైంది. పొడవు సుమారు 1,200 మీటర్లే. దీవి అక్కడ ఎంత సన్నమంటే రన్‌వేకి రెండు పక్కలా నీళ్లే. కిటికీలోంచి చూస్తే చక్రం కిందికి దిగి ఉంటుంది, దాని కింద ఇంకా సముద్రమే. విమానం నీడ లగూన్ అడుగున ఇసుక మీద పాకుతూ వస్తుంది. గుండె జల్లుమంటుంది. అంతలో కొబ్బరి తలలు, చక్రాల దెబ్బ, ఒంటిని ముందుకు తోసే బ్రేకు.

అద్భుత రసానికి విస్మయం స్థాయిభావమన్నారు ఆలంకారికులు. అగత్తిలో త్రాసం, అంటే ఆ ఉలికిపాటు, వచ్చిపోయే సంచారి భావంగా వచ్చి, ఆ విస్మయానికి పదును పెట్టి వెళ్లిపోతుంది. ఈ రసం పండడానికి కారణం విమానాశ్రయం చిన్నది కావడమే. పొట్టి రన్‌వే మీద చిన్న విమానమే దిగగలదు. చిన్న విమానం నెమ్మదిగా వెళుతుంది, కాబట్టి సముద్రాన్ని చదువుకునే వ్యవధి మనకు దొరుకుతుంది. పెద్ద జెట్‌లో ఈ వైభవం రెప్పపాటులో వెనక్కి పోయేది.

అయితే ఈ వైభవానికి ముప్పు లేకపోలేదు. 1998, 2010, 2016ల్లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబారి దెబ్బతిన్నాయి. వెళ్లదలచినవాళ్లు పర్మిట్ ముందే తీసుకోండి, కిటికీ పక్క సీటు అడిగి పుచ్చుకోండి. దిగాక మాత్రం పగడాల మీద కాలు పెట్టకండి. పైనుంచి చూసి మురిసిన ఆ రంగులన్నీ వాటి చలవే.