పహాణీ నుంచి పట్టికకు: ధరణి డేటాబేసు - ఒక విమర్శనాత్మక పరిశీలన

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- డేటాబేసులో కనిపించే లక్షణానికీ, దాని వెనుక ఉన్న కారణానికీ తేడా చెప్పగలుగుతారు.
- కన్‌స్ట్రెయింట్, ట్రాన్సాక్షన్, కీ అనే భావనలను మన భూరికార్డులకు అన్వయించగలుగుతారు.
- ఒక డేటాబేసు రూపకల్పనలోని మంచిచెడులను పక్షపాతం లేకుండా విమర్శించగలుగుతారు.

12.1 పరిచయం

వెనుకటి భాగాలలో మీరు ప్రైమరీ కీ, నార్మలైజేషన్, ట్రాన్సాక్షన్ వంటి మాటలకు నిర్వచనాలు చదివారు. నిర్వచనం పరీక్షలో రాయడానికి పనికివస్తుంది. తప్పులు పేరుకుపోయిన డేటాబేసు ముందు కూర్చున్నప్పుడు అది చాలదు. లక్షణాన్ని చూసి కారణాన్ని పట్టుకోవడం తెలియాలి. అందుకే పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే 'ఉద్యోగి - శాఖ' ఉదాహరణను ఈసారి పక్కన పెడుతున్నాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామంది ఇళ్లలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. కొందరి ఇళ్లలో ఉండవలసి ఉండీ లేదు. ఆ పుస్తకం వెనుక ఉన్న డేటాబేసునే ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా కాలక్రమం. తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన 2017 సెప్టెంబరులో మొదలైంది. 2018లో కొత్త పాసుపుస్తకాలు వచ్చాయి. ఆ ఏడాది మే 10న ప్రారంభమైన రైతుబంధు పథకం కింద పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయల సాయాన్ని ఈ రికార్డుల ఆధారంగానే ఇచ్చారు. 2020లో భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల కొత్త చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది.

ధరణి మీద రాజకీయ వాదోపవాదాలు మీరు చాలా విని ఉంటారు. అవి మన పాఠ్యాంశం కాదు. చట్టం ఏమి చెప్పింది, తెర మీద ఏమి కనిపించింది, రైతు ఏమని మొరపెట్టుకున్నాడు అనే మూడింటి నుంచి రూపకల్పనలోని గుణదోషాలను తేల్చడమే మన పని.

12.2 ధరణి చేసిన మేలు

విమర్శ అంటే తప్పులెన్నడం ఒక్కటే కాదు. ధరణి ఒక పాత సమస్యను సరిగ్గా గుర్తించింది. అంతకుముందు భూమి కొన్నవారు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ కాగితాలతో తహసీలు చుట్టూ మ్యుటేషన్ కోసం తిరిగేవారు. రెండు పనుల నడుమ నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచేవి. ఆ వ్యవధిలో రికార్డులో అమ్మినవారి పేరే ఉండేది. అదే భూమిని మరొకరికి అమ్మడానికి అది అవకాశం ఇచ్చేది.

డేటాబేసు భాషలో ఇది సగం జరిగి ఆగిపోయిన ట్రాన్సాక్షన్. ధరణిలో వ్యవసాయ భూములకు తహసీల్దారునే జాయింట్ సబ్ రిజిస్ట్రారుగా చేసి, రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ ఒకే చోట, ఒకేసారి జరిగేలా కలిపారు. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. మీరు చదివిన అటామిసిటీ ఇదే.

అయితే ఒక హెచ్చరిక. ట్రాన్సాక్షన్ నియమాలు మార్పును మాత్రమే కాపాడతాయి. మార్పుకు ముందే రికార్డులో ఉన్న తప్పును అవి సరిచేయలేవు. తప్పు పేరు మీద ఉన్న భూమి కూడా అంతే పకడ్బందీగా, అంతే వేగంగా చేతులు మారుతుంది.

12.3 లెక్క కుదరని సర్వే నంబరు

పాసుపుస్తకం రాకపోవడానికి తహసీలులో తరచు చెప్పే కారణం 'విస్తీర్ణం ఎక్కువ వస్తోంది' అని. ఊహాత్మక ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మూల రికార్డు ప్రకారం సర్వే నంబరు 112 విస్తీర్ణం 10 ఎకరాల 20 గుంటలు. పట్టికలో మూడు బై నంబర్లున్నాయి: 112/అ 4 ఎకరాల 10 గుంటలు, 112/ఆ 3 ఎకరాల 20 గుంటలు, 112/ఇ 3 ఎకరాల 10 గుంటలు. ఎకరానికి 40 గుంటలు. కూడితే 11 ఎకరాలు వస్తుంది. నేల మీద లేని 20 గుంటలు కాగితం మీద పుట్టాయి.

దీనిని పట్టుకోవడం తేలిక. సర్వే నంబరు వారీగా గ్రూప్ బై చేసి, విస్తీర్ణాల మొత్తం మూల విస్తీర్ణాన్ని మించిన వాటిని హ్యావింగ్ షరతుతో ఏరితే జాబితా వస్తుంది. కానీ దానికి ముందు డేటా టైపును చూడండి. మన రికార్డులలో 2 ఎకరాల 30 గుంటలను 2.30 అని రాస్తారు. దానిని మామూలు దశాంశ సంఖ్యగా దాచుకుని 1.25తో కూడితే యంత్రం 3.55 అంటుంది. అసలు జవాబు 4 ఎకరాల 15 గుంటలు. విస్తీర్ణాన్ని గుంటలలోకి మార్చి పూర్ణసంఖ్యగా దాస్తే, 110, 65 కలిసి 175 గుంటలవుతుంది. తెర మీద చూపేటప్పుడు మళ్లీ ఎకరాలలోకి మార్చుకోవచ్చు. కొలత భిన్నాలలోకి వెళితే ఇంకా చిన్న ప్రమాణాన్ని ఎంచుకోవాలి.

తరువాతి ప్రశ్న: ఈ తప్పు మళ్లీ రాకుండా ఎలా ఆపాలి? చెక్ కన్‌స్ట్రెయింట్ సాధారణంగా ఒక వరుసలోని విలువలను మాత్రమే పరీక్షిస్తుంది. ఇక్కడ పరీక్షించవలసింది అనేక వరుసల మొత్తాన్ని. కాబట్టి ట్రిగ్గరు రాయాలి. ట్రిగ్గరు ఒక్కటే చాలదు. ఒకే సర్వే నంబరు మీద రెండు ట్రాన్సాక్షన్లు ఒకేసారి నడిస్తే, ఒకదాని మార్పు మరొకదానికి కనిపించక, రెండూ లెక్క సరిపోయిందనే అనుకుంటాయి. అందుకే ముందుగా సర్వే నంబరు పట్టికలోని మూల వరుసను లాక్ చేసి, ఆ తరువాతనే మొత్తాన్ని లెక్కించాలి.

ఇంత చేసినా యంత్రం చెప్పగలిగింది ఒక్కటే: తప్పు ఉంది. ముగ్గురిలో ఎవరి 20 గుంటలు తప్పో అది చెప్పలేదు. దానికి గొలుసు పట్టుకుని చెలక దగ్గరికి పోవాలి, పాత పహాణీ తిరగేయాలి, ముగ్గురినీ కూర్చోబెట్టి అడగాలి. లెక్క తప్పిన సర్వే నంబరులో అందరి పాసుపుస్తకాలనూ ఆపడం తప్పు చేయనివారికీ శిక్ష వేయడమే. వివాదం ఉన్న 20 గుంటలను వేరుగా గుర్తించి, వివాదం లేని విస్తీర్ణానికి హక్కు పత్రం ఇవ్వగల రూపకల్పన కావాలి.

12.4 గుంటకు పడిన ఆంక్ష

ధరణి మీద వచ్చిన ఫిర్యాదులలో నిషేధిత జాబితాది ముఖ్య స్థానం. ఒక సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి అయితేనో, కాలువ కోసమో రోడ్డు కోసమో సేకరించినదైతేనో, మిగిలిన పట్టా భూమికి కూడా నిషేధం వర్తించిన సందర్భాలున్నాయి. రెండెకరాలు కాలువ కింద పోయిన రైతు మిగిలిన మూడెకరాలను అమ్మలేడు, బిడ్డ పేరున గిఫ్టు చేయలేడు.

దీనిని డేటాబేసు లాక్ అనుకోకండి. లాక్ ట్రాన్సాక్షన్ ముగియగానే వీడిపోతుంది. ఇది పట్టికలో రాసిపెట్టిన విలువ. ఎవరో ఒకరు మార్చేదాకా ఉంటుంది. దోషం ఏమిటంటే, బై నంబరు స్థాయిలో మాత్రమే నిజమైన సంగతిని సర్వే నంబరు స్థాయిలో రాయడం. ఒక సంగతి ఏ స్థాయిలో నిజమో ఆ స్థాయి కీతోనే దానిని రాయాలి. నార్మలైజేషన్ గురించి ఇది తప్ప మరేమీ గుర్తులేకపోయినా నష్టం లేదు.

పరిష్కారం నిషేధాలకు వేరే పట్టిక. అందులో బై నంబరు, విస్తీర్ణం, కారణం, ఉత్తర్వు సంఖ్య, ఉత్తర్వు తేదీ, రాసిన అధికారి హోదా ఉండాలి. ఉత్తర్వు సంఖ్య లేని నిషేధాన్ని నాట్ నల్ షరతు ఆ పట్టికలోకే రానివ్వదు. రైతు 'నా భూమి ఎందుకు ఆగింది?' అని అడిగితే, జవాబు ఒక్క క్వెరీలో దొరుకుతుంది.

12.5 తీసివేసిన కాలమ్

పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు పేరు కూడా ఉండేది. కొత్త రికార్డులలో ఆ కాలమ్‌ను తీసివేశారు. దీని వెనుక వాదన లేకపోలేదు: కింది స్థాయిలో ఆ కాలమ్‌లో ఇష్టానుసారం పేర్లు రాసి తగాదాలు పెట్టారన్నది. ఆ వాదనలో నిజం ఉంది. పల్లెల్లో పుట్టినవారికి వేరే రుజువు అక్కరలేదు.

కానీ తప్పుడు విలువలు చేరుతున్న కాలమ్‌కు చికిత్స ఆ కాలమ్‌ను కోసివేయడమా? హైదరాబాదు రాష్ట్ర కాలంలో వచ్చిన 1950 కౌలు చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలతో కొన్నవారు ఇక్కడ ఎంతోమంది. వారి సాగుకు రికార్డులో సాక్ష్యంగా నిలిచినవాటిలో ఆ కాలమ్ ముఖ్యమైనది. పాలమూరు నుంచి వలస పోయిన కుటుంబం ఊళ్లో లేని రోజులలో విచారణ జరిగిపోతే, వారు తిరిగివచ్చి చూపించగలిగేది పాత పహాణీలోని ఆ పేరునే.

రూపకర్త చేయవలసింది కాలమ్‌ను తొలగించడం కాదు, మార్పుల చరిత్రను దాచడం. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అంతకుముందు ఏమి ఉంది, ఏ ఆధారంతో మారింది అనే వివరాలను ఒక చరిత్ర పట్టికలో చేర్చాలి. దానికి కొత్త వరుసలు చేర్చే అనుమతి మాత్రమే ఇచ్చి, దిద్దే, తొలగించే అనుమతులు ఇవ్వకూడదు. అప్పుడు తప్పుడు రాత రాసినవారి సంతకంతో సహా దొరికిపోతుంది. 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఎడ్గార్ ఎఫ్. కాడ్, అదే వ్యాసంలో పునరుక్తికీ సంగతత్వానికీ ఒక విభాగాన్నే కేటాయించారు. డేటా పరస్పరం పొసగకపోవచ్చునన్న ఎరుక ఈ శాస్త్రానికి మొదటి నుంచీ ఉంది.

12.6 కీ మారితే?

2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. భూమి కదలలేదు. దాని చిరునామా మారింది.

జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కలిపి ప్రైమరీ కీగా పెట్టుకున్న పట్టికను ఊహించండి. జిల్లా కోడు మారగానే, ఆ కీని సూచించే ప్రతి ఫారిన్ కీ మారాలి. ఒక్కటి మరచినా ఆ దస్తావేజు అనాథ అవుతుంది. లెఫ్ట్ జాయిన్ చేసి, కుడివైపు నల్ వచ్చిన వరుసలను ఏరితే ఇటువంటివి బయటపడతాయి. నివారణ మాత్రం, అర్థంతో సంబంధం లేని ఒక శాశ్వత సంఖ్యను కీగా పెట్టి, జిల్లా మండలాలను తేదీలతో కూడిన వివరాలుగా ఉంచడం. భూభారతి చట్టంలోని భూధార్ సంఖ్య ఈ దిశలో సరైన ఆలోచన. అయితే హద్దులు తేల్చకుండా సంఖ్య ఇస్తే, తప్పుకే శాశ్వత గుర్తింపు వస్తుంది.

12.7 దిద్దుబాటుకు దారి

నా అంచనాలో ధరణి అసలు లోపం పైవాటిలో ఏ ఒక్కటీ కాదు. ఎక్కించిన డేటా శుద్ధమైనదన్న నమ్మకంతో, దిద్దుబాటుకు దారి పెట్టకుండా మొదలుపెట్టడమే అసలు లోపం. 2020 చట్టంలో అప్పీలుకు చోటు లేదు. ఫిర్యాదులు వచ్చినకొద్దీ ఒక్కొక్క మాడ్యూలు చేర్చుకుంటూ పోయారు. పేరులో ఒక అక్షరం తప్పుపడినా దరఖాస్తు కలెక్టరు దాకా పోవలసి వచ్చింది. 2024లో గానీ కొన్ని అధికారాలు తహసీల్దార్లకు, ఆర్‌డీఓలకు రాలేదు.

భూభారతి చట్టం అప్పీళ్లకు అంచెలు ఏర్పరచింది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాలలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఇది మెరుగే. కానీ పోర్టల్ పేరు మారినంత మాత్రాన వరుసలు మారవు. పాత పట్టికలలోని 20 గుంటల తప్పు కొత్త పట్టికలలోకి యథాతథంగా నడిచివస్తుంది. కొత్త వ్యవస్థను మూడు ప్రశ్నలతో పరీక్షించండి: తప్పు ఎంత కింది స్థాయిలో దిద్దబడుతోంది? దిద్దినవారి జాడ మిగులుతోందా? దిద్దేదాకా నిర్దోషుల పని ఆగకుండా ఉందా?

12.8 సారాంశం

రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ ఒకే ట్రాన్సాక్షన్‌గా కలపడం ధరణి సాధించిన మేలు. సర్వే నంబరు స్థాయిలో ఆంక్షలు, అనుభవదారు కాలమ్ తొలగింపు, దిద్దుబాటుకు దారి లేకపోవడం దాని లోపాలు. రేపు మీరు బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, తహసీలులోనో డేటాబేసు నిర్వాహకులు కావచ్చు. క్వెరీ ఖాళీ ఫలితం ఇచ్చినప్పుడు 'రికార్డు లేదు' అని కిటికీలోంచి చెప్పి పంపకండి. రికార్డు లేకపోవడం వేరు, మనిషికి హక్కు లేకపోవడం వేరు. ఆ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని వెతకడమే మీ ఉద్యోగం.

12.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 3 ఎకరాల 35 గుంటలు, 2 ఎకరాల 15 గుంటలను గుంటలలోకి మార్చి కూడండి. దశాంశాలుగా కూడితే వచ్చే తప్పును వివరించండి.
2. నిషేధిత భూముల కోసం ఒక పట్టికను రూపొందించి, దాని కీని సమర్థించండి.
3. అనుభవదారు కాలమ్‌ను తొలగించడాన్ని సమర్థిస్తూ ఒక పేరా, వ్యతిరేకిస్తూ ఒక పేరా రాయండి. మీ నిర్ణయాన్ని చివర చెప్పండి.
4. మీ ఇంట్లోని పాసుపుస్తకాన్ని, దొరికితే పాత పహాణీని పక్కపక్కన పెట్టి చూడండి. తేడాలుంటే ప్రతి తేడాకు లక్షణం, కారణం, దిద్దుబాటు అనే మూడు శీర్షికలతో నివేదిక తయారుచేసి, మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.