ఆక్టేను సంఖ్య – చిన్న కారు

పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి ఇరువదికి పెరిగినది మొదలు పాత కార్ల యజమానులు అనేక సందేహములు వెలిబుచ్చుచున్నారు. వాటికి సమాధానముగా కేంద్ర పెట్రోలియము మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో వివరణ ప్రకటించినది. చిన్న కారు గలవానికి అందులో పట్టించుకొనదగిన మాటలు మూడు. పెట్రోలు ఆక్టేను సంఖ్య 84.4 కాగా ఇథనాలుది సుమారు 108.5, అందుచేత ఈ మిశ్రమమునకు తగినట్లు ట్యూను చేసిన బండి చురుకుగా అందుకొనును. మైలేజి తరుగుదల ఇ-20 కొరకు సరిదిద్దిన బండ్లలో నూటికి 1-2, తక్కినవాటిలో 3-6 మాత్రమే. కొన్ని పాత బండ్లలో 20, 30 వేల కిలోమీటర్ల పిమ్మట కొన్ని రబ్బరు భాగములు మార్చవలసి రావచ్చును. అది చవకలో పోవు పని.

ఈ మాటలలో అసత్యమేదియు లేదు. లోపమంతయు మొదటి మాటలోని షరతును చదువరి జారవిడుచునట్లు అంకెలను పేర్చుటలో ఉన్నది. ‘తగినట్లు ట్యూను చేసిన బండి’ అను నాలుగు మాటలు మరుగున పడి, 84.4 పక్కన 108.5 మాత్రము కంటికి కనబడును. 84 కంటె 108 పెద్దది గనుక బలము కూడ పెద్దదే అని ఎవరైనను అనుకొందురు. పెద్దపల్లిలో పాత మారుతి 800 కొని, దానిమీద రోజూ గోదావరిఖనికి పోయి వచ్చు ఉద్యోగికి ఈ పొరపాటు ఊరక పోదు. ప్రతి నెల పెట్రోలు ఖర్చులో కనబడును.

అసలు ఆక్టేను సంఖ్య ఏమి కొలుచును? పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును ముషలకము నొక్కగా అది వేడెక్కును. స్పార్కు ప్లగ్గు వెలిగించిన మంట సిలిండరు అంచును చేరులోపలనే ఆ మూలనున్న మిశ్రమము తనంతట తాను భగ్గుమన్నచో లోహమును సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. దీనినే నాకింగు అందురు. 1926లో అమెరికా రసాయనవేత్త గ్రాహం ఎడ్గార్ దీనికొక కొలబద్దను సూచించెను. సులభముగా నాకింగు చేయు నార్మల్ హెప్టేనుకు 0, దానిని బాగుగా ఓర్చుకొను ఐసో-ఆక్టేనుకు 100. ఒక పెట్రోలు ఓర్పు ఈ రెంటిలో 95 పాళ్లు ఐసో-ఆక్టేను గల మిశ్రమము ఓర్పుతో సమానమైనచో దాని సంఖ్య 95. అనగా ఇది ఓర్పునకు కొలత, బలమునకు కాదు. చెరువు కట్ట ఎత్తు పెంచినంత మాత్రమున చెరువులోనికి నీరు వచ్చునా? ఎక్కువ నీరు వచ్చిననాడు కట్ట తెగకుండుటకే ఆ ఎత్తు పనికివచ్చును.

ఈ ఓర్పును చవకగా సంపాదించుటకు పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. 1921 డిసెంబరులో థామస్ మిడ్‌గ్లీ బృందము కనిపెట్టిన ఆ మార్గము విషపూరితమని తెలిసియు దశాబ్దముల పాటు సాగినది. భారతదేశమంతట సీసము లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి నుండి వచ్చినది. నాడు సీసము చేసిన పనిని నేడు ఇథనాలు కొంతవరకు చేయుచున్నది. సాధారణ పెట్రోలు ఆక్టేను సంఖ్య ఒకప్పుడు 88, తరువాత 91, ఇథనాలు కలియుటతో 95కు చేరినదని మంత్రిత్వశాఖయే చెప్పినది. అట్లయినచో 95 ఆక్టేను పేరు చూచి లీటరుకు అదనముగా చెల్లించుటలో, చిన్న కారు విషయమున, ఇక అర్థము మిగులలేదు. ఆ పెట్రోలులో ఇంజనును శుభ్రపరచు రసాయనములు ఉండవచ్చును. అది వేరు మాట.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి, లీటరు ఇథనాలులో సుమారు 21 మాత్రమే ఉండును. 80 పాళ్లు, 20 పాళ్లు కలిపినచో 29.8. అనగా నూటికి ఏడు వంతుల శక్తి ట్యాంకులోనే తగ్గినది. దీనిని తిరిగి రాబట్టు మార్గము ఆక్టేనులోనే ఉన్నది గాని, దానికి ఇంజను సహకరించవలెను. మిశ్రమమును ఎన్ని రెట్లు నొక్కుదురో ఆ సంపీడన నిష్పత్తి 9 అయినపుడు ఆదర్శ ఇంజను దక్షత, γ విలువ 1.3 అనుకొన్నచో, నూటికి 48.3, నిష్పత్తి 11 అయినచో 51.3. రెంటికిని భేదము ఆరు శాతమునకు పైగా. ట్యాంకులో పోయిన ఏడింటికి ఇది దాదాపు సరిపోవును! ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై చేయించిన మంచిది. ఇథనాలు వాదమునకు అనుకూల, ప్రతికూల వాదములు రెండును ఇందులోనే ఉన్నవి. 11 నిష్పత్తితో నిర్మించిన కొత్త ఇంజను ఎక్కువ ఆక్టేనును మైలేజిగా మార్చుకొనును. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచిన మారుతి 800లో తొలి కార్బ్యురేటరు ఇంజను నిష్పత్తి 9కి లోపలే. దానికి 95 అక్కరలేదు. ఇచ్చినను ఏమి చేసికొనవలెనో దానికి తెలియదు.

వివరణలోని 3-6 శాతము అను అంకెను కూడ నీతి ఆయోగు 2021 నివేదికతో పోల్చి చూడవలెను. ఇథనాలు లేని పెట్రోలుకై నిర్మించి 10 శాతమునకు సరిదిద్దిన నాలుగు చక్రముల బండ్లలో తరుగుదల 6-7 శాతమని ఆ నివేదిక అంచనా. ఇది పై శక్తి లెక్కకు దగ్గరగా ఉన్నది. లీటరుకు 18 కిలోమీటర్లు పోవు బండి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగినచో, ఆరు శాతము తరుగుదలకు మూడున్నర లీటర్లు అదనము. భరింపరాని నష్టము కాదు. ‘స్వల్పము’ అని దాటవేయదగినదియు కాదు.

అయితే ఎక్కువ ఆక్టేను పాత బండికి ఎన్నడును పనికిరాదని చెప్పుటయు తొందరపాటే. పెద్దపల్లి, రామగుండము ప్రాంతమున మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరును. 30 డిగ్రీల గాలిని 8.7 రెట్లు నొక్కిన సుమారు 307 డిగ్రీలగును. 45 డిగ్రీల గాలియైన 336. బయటి 15 డిగ్రీల భేదము లోపల 29 అయినది. అట్టి మధ్యాహ్నము ఐదుగురు కూర్చుండి, ఏసీ వేసి, టాపు గేరులో మెల్లగా లాగించునపుడు నాకింగు వినబడును. ఇథనాలు ఆవిరియగునపుడు వేడిని ఎక్కువగా పీల్చుకొనును గనుక ఆ సమయమున మేలు చేయును. గేరు ఒకటి తగ్గించినను ఆ మేలే కలుగును. దానికి ఖర్చు లేదు.

ఇక చవక మార్పుల సంగతి. కార్బ్యురేటరు బండిలో నిజముగా చవకైనది డిస్ట్రిబ్యూటరును కొద్దిగా త్రిప్పి స్పార్కును ముందునకు జరుపుట. మిగిలిన ఆక్టేనును కొంతైనను వాడుకొను దారి ఇదొక్కటే. టైమింగు లైటుతో, ఒకటి రెండు డిగ్రీలకు మించకుండ చేసి, ఎత్తు ఎక్కించి చూచి, చప్పుడు వచ్చినచో వెనుకకు తేవలెను. ఇంజెక్షను బండ్లలో ఈ పని కంప్యూటరు చేతిలో ఉండును. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున కార్బ్యురేటరు బండిలో మిశ్రమము పలుచబడి, ఉదయము స్టార్టు కాక మొరాయించుట, కుదుపులు రావచ్చును, జెట్టు సరిచూపించుకొనవలెను. ఇంజెక్షను బండిలో పొగగొట్టముననుండు ఆక్సిజను సెన్సారు దీనిని సవరించును.

హెడ్డు గీయించి నిష్పత్తి పెంచుట కొందరు ఇచ్చు సలహా. లెక్క చూడుడు: 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్లలో ఒక్కొక్కటి 265. నిష్పత్తి 8.7 అయిన పైన మిగులు ఖాళీ 34.4, దానిని 9.5 చేయుటకు 31.2. మూడు ఘన సెంటీమీటర్ల చిల్లరకై, మిల్లీమీటరుకు లోపు లోహము గీయించి, గాస్కెటు, టైమింగు బెల్టు అన్నియు విప్పవలెను. పాత కారుకు అది చవక కాదు. ఆక్టేను పెంచునని సీసాలలో అమ్ము ద్రవముల సంగతి చెప్పనే అక్కరలేదు. ఓర్పు ఇప్పటికే మిగిలియున్న ఇంజనుకు మరింత ఓర్పును కొనిపెట్టుట అది. వేసవిలో వేడెక్కుచున్నదని థర్మోస్టాటును తీసివేయించుట మరియొక దురభ్యాసము. ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ త్రాగును. వేడెక్కుటకు కారణము రేడియేటరులోని మడ్డియో, ఫ్యానో, పాత బెల్టో అయియుండును.

మంత్రిత్వశాఖ మూడవ మాట మాత్రము అక్షరాల పాటింపదగినది. దానికి రెండు చేర్పులు కావలెను. ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డిని ఇథనాలు కరిగించి కదలించును గనుక ఫిల్టరును మామూలు గడువునకు ముందే మార్పించవలెను. గొట్టములను కిలోమీటర్ల లెక్కకు విడువక, వయస్సును బట్టి చూడవలెను. ఇంటివద్ద నిలిచియుండు బండిలోను రబ్బరు గట్టిపడి పగులును. ఇథనాలు నీటిని పీల్చును గనుక వర్షాకాలమున నెలల తరబడి సగము ట్యాంకుతో బండిని నిలిపియుంచరాదు. నీరు పాలు మించినచో అది ఇథనాలుతో కలిసి ట్యాంకు అడుగునకు దిగును. పంపు మొదట పీల్చునది ఆ అడుగు పొరనే.